అడిగిన ప్రతివారికీ ఆధార్ ఇవ్వాలా?

పాఠకుల సందేహాలు – మా సమాధానాలు

బెంగళూరులోని తెలుగు పాఠకుల నుంచి ఈసారి అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మన పేరు, ఫోన్ నంబరు, ఆధార్, వేలిముద్ర, చివరకు ముఖం కూడా ఎవరెవరి చేతుల్లోకో వెళ్తున్నాయనీ, వాటితో వాళ్లు ఏం చేస్తున్నారో అడిగే దిక్కు లేదనీ చాలామంది రాశారు. ఒకే తరహా ఉత్తరాలను కలిపి, ప్రాంతం మాత్రం ఉంచి జవాబులిస్తున్నాం. పేరు అచ్చువేయవద్దని దాదాపు అందరూ కోరారు. ఈ విషయంలో ఆ కోరిక సమంజసమే.

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాను. చేరేటప్పుడు యజమాని నా ఆధార్, పాన్, ఆఫీసు గుర్తింపు కార్డు జిరాక్సులు, మా నాన్నగారి ఫోన్ నంబరు తీసుకున్నారు. తరువాత వేరే పీజీకి మారితే అక్కడా అవే అడిగారు. పాత పీజీకి వెళ్లి నా కాగితాలు తిరిగి ఇమ్మంటే, "అవన్నీ ఎక్కడ దాస్తామమ్మా, ఎప్పుడో పోయి ఉంటాయి" అన్నారు. ఈమధ్య నేను తీసుకోని సిమ్ కార్డు గురించి నా ఈమెయిల్‌కు సందేశం వచ్చింది. ఇవ్వనంటే గది దొరకదు, ఇస్తే ఈ భయం. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ముందు సిమ్ సంగతి చూద్దాం. కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో మీ మొబైల్ నంబరుతో లాగిన్ అయితే మీ పేరున ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో చూపిస్తుంది. మీది కాని నంబరు ఎదుట "ఇది నా నంబరు కాదు" అన్న అర్థం వచ్చే గడిని గుర్తిస్తే ఆ కనెక్షన్‌ను తిరిగి తనిఖీ చేసి రద్దు చేస్తారు. మన రాష్ట్రాల్లో ఒకరి పేరున గరిష్ఠంగా 9 సిమ్‌లు ఉండవచ్చు కాబట్టి, మీకు తెలియకుండా మరొకటి రెండు చేరినా ఎవరికీ అనుమానం రాదు. పాన్ జిరాక్సు కూడా బయట ఉంది గనుక మీ పేరున ఎవరైనా అప్పు తీసుకున్నారేమో కూడా చూసుకోండి. సిబిల్‌తో సహా నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ సంవత్సరానికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ సందేశం మీ పాత పీజీ కాగితాల వల్లే వచ్చిందని మాత్రం ఎవరూ రుజువు చేయలేరు. ఒకే జిరాక్సును పది చోట్ల ఇచ్చినవారు ఏ చోటి నుంచి అది జారిందో చెప్పలేరు. దుర్వినియోగం చేసేవారికి ఉన్న ధైర్యమే అది.

ఇక ఇవ్వడం, ఇవ్వకపోవడం. పీజీలో ఎవరుంటున్నారో యజమాని దగ్గర వివరాలు ఉండాలని పోలీసులు కోరతారు కాబట్టి గుర్తింపు అడగడం తప్పు కాదు. అయితే మీరు ఎవరో తెలియడం వేరు, మీ 12 అంకెల ఆధార్ సంఖ్య ఆయన అలమరలో ఉండడం వేరు. ఆధార్ ప్రాధికార సంస్థ వెబ్‌సైటులో మాస్క్‌డ్ ఆధార్ అనే పత్రం దొరుకుతుంది. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. పేరు, ఫొటో, చిరునామా మామూలుగానే ఉంటాయి. పీజీ యజమానికి అది చాలు. డ్రైవింగ్ లైసెన్సు ఉంటే అదీ సరిపోతుంది. పాన్ కార్డు ఎందుకని మర్యాదగానే అడగండి. ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కోరే ఉద్యోగి, ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే, యజమాని పాన్‌ను తన ఆఫీసుకు ఇవ్వవలసి ఉంటుంది. అంటే పాన్ అడిగే అవసరం ఉన్నది మీకు, ఆయనకు కాదు.

జిరాక్సు ఇవ్వక తప్పనప్పుడు దాని మీద, అక్షరాల పైనుంచి పోయేలా, "ఫలానా పీజీలో బస కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి, సంతకం చేయండి. ఫొటో మీదికి ఒక గీత వచ్చినా నష్టం లేదు. ఆ కాగితాన్ని మళ్లీ జిరాక్సు తీసినా రాత దానితోనే వస్తుంది. వాట్సాప్‌లో ఫొటో పంపడం కంటే ఈ కాగితమే మేలు, ఎందుకంటే ఫొటో యజమాని ఫోన్‌లో, ఆయన మేనేజరు ఫోన్‌లో, వాళ్ల బ్యాకప్‌లలో మీరు ఖాళీ చేసిన తరువాత కూడా ఉంటుంది. జిరాక్సు దుకాణంలో మన ఈమెయిల్ తెరిచి ప్రింటు తీయించినప్పుడు ఆ ఫైలు దుకాణం కంప్యూటరులోని డౌన్‌లోడ్ల ఫోల్డరులోనే ఉండిపోతుంది. దానిని తీసేయమని అడిగి, తీసేదాకా నిలబడండి. ఈ చోటును చాలామంది మరచిపోతారు.

ఈ సందర్భంలో 2022 మే నెలలో ఈ నగరంలోనే జరిగిన ఒక ముచ్చట గుర్తుచేయాలి. ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం, ఆధార్ జిరాక్సులను ఏ సంస్థకు పడితే ఆ సంస్థకు ఇవ్వవద్దనీ, వాటిని దుర్వినియోగం చేయవచ్చుననీ, మాస్క్‌డ్ ఆధార్ వాడాలనీ ఒక ప్రకటన ఇచ్చింది. రెండు రోజులు తిరిగేసరికి, దానిని అపార్థం చేసుకునే అవకాశం ఉందంటూ కేంద్రం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. జనం మామూలు జాగ్రత్త తీసుకుంటే చాలని అన్నది. మా దృష్టిలో మొదటి ప్రకటనలోనే ఎక్కువ మేలు ఉంది.

ప్రశ్న: మా నాన్నగారు హిందూపురంలో ఉంటారు, పెన్షనరు. ఇటీవల హోస్కోటె దగ్గర మా ఇద్దరి పేర్ల మీద స్థలం రిజిస్ట్రేషన్ చేయించాం. మా వీధిలో ఒకాయనకు రిజిస్ట్రేషన్ అయిన కొన్నాళ్లకే ఖాతాలోంచి పదివేల చొప్పున డబ్బు పోయిందట. ఓటీపీ రాలేదు, లింకు నొక్కలేదు, కార్డు ఇంట్లోనే ఉంది. ఇది ఎలా సాధ్యం? మా నాన్నగారి పెన్షను ఖాతాకు ఏం జాగ్రత్త తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: సాధ్యమే, అందులో మంత్రమేమీ లేదు. ఊళ్లలో బ్యాంకు లేనిచోట బ్యాంకు ప్రతినిధి చిన్న యంత్రంతో డబ్బు ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. ఆధార్ ఆధారిత చెల్లింపుల వ్యవస్థ అని దానికి పేరు. అందులో డబ్బు తీయడానికి బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వేలిముద్ర ఉంటే చాలు. ఓటీపీ గానీ పిన్ గానీ అక్కరలేదు. ఉపాధి హామీ కూలీలకూ, వృద్ధాప్య పింఛనుదారులకూ అది నిజంగా ఉపకారం చేసింది. అయితే ఆధార్ జోడించిన ఖాతాలకు ఈ సదుపాయం చాలా బ్యాంకుల్లో ఖాతాదారు అడగకుండానే వర్తిస్తూ వచ్చింది. ఖాతాదారుకు ఆ సంగతే తెలియదు.

ఇక రిజిస్ట్రేషన్ దస్తావేజులో ఏముంటాయో ఒకసారి తీసి చూడండి. పార్టీల ఫొటోలు, పూర్తి చిరునామా, బొటనవేలి ముద్రలు, చాలా దస్తావేజుల్లో ఆధార్ సంఖ్య కూడా ఉంటాయి. ఒక్క బ్యాంకు పేరు తప్ప నేరగాడికి కావలసినవన్నీ ఆ పత్రంలోనే ఉన్నాయి, ఆ ఒక్కటీ నాలుగు బ్యాంకుల పేర్లు ప్రయత్నిస్తే తేలిపోతుంది. 2018లో తెలంగాణలో, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు తయారుచేసి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన వ్యక్తిని పోలీసులు పట్టుకున్నప్పుడే ఈ లోపం బయటపడింది. అయిదేళ్ల తరువాత, 2023లో, బెంగళూరులో స్థలాలు రిజిస్ట్రేషన్ చేయించుకున్నవారి ఖాతాల నుంచి ఇలాగే డబ్బు పోయిందని వరుసగా ఫిర్యాదులు వచ్చాయి. అప్పుడు గానీ ఆన్‌లైన్‌లో ఇచ్చే నకళ్లలో వేలిముద్రలు కనిపించకుండా చేసే పనిలో కర్ణాటక అధికారులు పడలేదు. పక్క రాష్ట్రంలో జరిగిన నేరం మనకు పాఠం కావడానికి అన్నేళ్లు పట్టడం విచారకరం.

మీరు చేయవలసినవి రెండే. మొదటిది, ఆధార్ యాప్‌లో గానీ వెబ్‌సైటులో గానీ నాన్నగారి బయోమెట్రిక్‌లను లాక్ చేయండి. లాక్ చేస్తే ఆయన వేలిముద్రతో ఎవరూ, చివరకు ఆయన కూడా, ధ్రువీకరణ చేయలేరు. అవసరమైన రోజున తాత్కాలికంగా తెరిచి పని అయ్యాక తిరిగి మూయవచ్చు. పెన్షనరు గనుక ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రానికి వేలిముద్ర వేయవలసి వస్తే వేసే ముందు తెరవడం మరచిపోకండి, లేకపోతే కౌంటరు దగ్గర యంత్రం ఒప్పుకోక ఆయన కంగారు పడతారు. ఇదంతా చేయడానికి ఆధార్‌కు జోడించిన మొబైల్ నంబరు పనిచేస్తూ ఉండాలి. ఎప్పుడో వదిలేసిన నంబరైతే ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి మార్పించండి. రెండవది, బ్యాంకు శాఖకు రాతపూర్వకంగా లేఖ ఇచ్చి ఆ ఖాతాకు ఆధార్ చెల్లింపుల సదుపాయం నిలిపివేయమని కోరండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నాన్నగారు ఆ పద్ధతిలో డబ్బు తీసుకునే అలవాటు ఉన్నవారైతే మాత్రం ఇది చేయవద్దు.

మీ వీధిలోని ఆయనకు ఒక మాట చేరవేయండి. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపాలి. తన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడో వ్యక్తి వల్ల జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లో తెలిపిన ఖాతాదారుకు నష్టం అంటగట్టకూడదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం చెబుతోంది. "వేలిముద్ర మీదే కదా, మీరే తీసి ఉంటారు" అని బ్యాంకు వారు వాదించవచ్చు. ఆ లావాదేవీ ఏ ఊరిలో, ఏ ప్రతినిధి యంత్రం మీద జరిగిందో చెప్పమని అడగండి. ఆ సమయానికి తాను బెంగళూరులో ఉన్నట్టు ఆయన చూపించగలిగితే ఆ వాదన నిలవదు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: మా తమ్ముడు ఎలక్ట్రానిక్ సిటీలో శిక్షణలో ఉన్నాడు. ఏదో యాప్‌లో అయిదు వేలు అప్పు పెట్టాడు. చేతికి మూడు వేల చిల్లర వచ్చింది, వారంలో అయిదు వేలూ కట్టమన్నారు. కట్టాడు. ఇంకా బాకీ ఉందంటూ వాడి ఫొటోను అసభ్యంగా మార్చి మా మేనమామకు, మా ఊరి వాళ్లకు, నాకు కుదిరిన సంబంధం వాళ్లకు కూడా పంపారు. వాడు తిండి మానేసి గదిలో కూర్చున్నాడు. అడిగినంత కట్టేస్తే ఆపేస్తారా? మా పరువు పోయింది, పోలీసుల దగ్గరకు వెళ్తే ఇంకా పోతుందని అమ్మ భయపడుతోంది.
– ఒక అక్క, యలహంక

జవాబు: అమ్మా, ముందు తమ్ముడిని ఒంటరిగా వదలకండి. వాడు చేసినది చిన్న పొరపాటు, వాళ్లు చేస్తున్నది నేరం. ఈ తేడాను ఇంట్లో పెద్దవాళ్లు వాడితో నోరారా చెప్పాలి. వాడి మాటల్లో నిరాశ కనిపిస్తే 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ మానసిక ఆరోగ్య సహాయ సేవ, తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడతారు.

అడిగినంత కడితే ఆపరు. కట్టినవారి దగ్గర ఇంకా వస్తుందని వాళ్లకు తెలుసు. ఇప్పటికే తీసుకున్న మొత్తం కంటే ఎక్కువ కట్టారు కనుక ఇక ఒక్క రూపాయి కూడా పంపవద్దు. వచ్చిన ప్రతి సందేశానికీ, నంబరు, తేదీ, సమయం కనిపించేలా, స్క్రీన్‌షాట్ తీయండి. డబ్బు ఏ యూపీఐ ఖాతాకు పంపారో ఆ వివరం, యాప్ పేరు, దాని లోపల కనిపించే అప్పు వివరాల పేజీ అన్నీ భద్రం చేసిన తరువాతే యాప్ తీసేయండి. యాప్ తీసేసినా, అనుమతులు రద్దు చేసినా ఇప్పటికే ఎత్తుకుపోయిన నంబర్లు వెనక్కి రావు, కొత్తవి పోకుండా మాత్రం ఆగుతాయి.

ఆ తరువాత వాళ్ల ఆయుధాన్ని మీరే తీసేసుకోండి. బంధువులకు వాళ్లు పంపేలోగా మీరే ఒక సందేశం పంపండి: "మా తమ్ముడి ఫోన్‌లోని నంబర్లన్నీ ఒక అప్పు యాప్ దొంగిలించింది. వాడి పేరుతో వచ్చే ఫొటోలు నకిలీవి. ఎవరికీ పంపకండి. ఏ నంబరు నుంచి వచ్చాయో మాకు తెలపండి. పోలీసులకు ఫిర్యాదు చేశాం." సంబంధం వాళ్లకు మాత్రం సందేశం చాలదు, మీ ఇంటి పెద్దవారు స్వయంగా మాట్లాడడం మర్యాద. ఈ మోసం ఇన్ని ఇళ్లలో జరిగాక దీని గురించి వినని కుటుంబం ఉండదు.

పోలీసు ఫిర్యాదుకు భయపడవలసింది లేదు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ, 1930 ద్వారా గానీ, నగరంలో ప్రతి డివిజనుకూ ఉన్న సైబర్ నేరాల విభాగం, అంటే సీఈఎన్ పోలీసు స్టేషనులో గానీ చేయవచ్చు. మామూలు స్టేషనుకు వెళ్లినా, మా పరిధి కాదని తిప్పి పంపకుండా, ఫిర్యాదు నమోదు చేసి సరైన స్టేషనుకు పంపవలసిన బాధ్యత వారిది. అసభ్య చిత్రాలు పంపడం సమాచార సాంకేతిక చట్టం కింద, బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత కింద నేరాలు. తీసుకున్న అప్పు, కట్టిన మొత్తం ఉన్నవి ఉన్నట్టు రాయండి.

ఈ వ్యాపారం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియాలి. 2020 చివరలో తెలంగాణలో ఇలాంటి యాప్‌ల వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకున్నాక హైదరాబాదు పోలీసులు కేసులు పెట్టి తీగ లాగితే, ఫోన్లు చేసి బెదిరించే కాల్ సెంటర్లలో కొన్ని మన బెంగళూరులోనే తేలాయి. 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక కార్యవర్గాన్ని వేసింది, 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం అప్పు ఇచ్చే యాప్ ఫోన్‌లోని కాంటాక్టులను, ఫొటోలను, కాల్ వివరాలను తాకకూడదు. అప్పు మొత్తం బ్యాంకు లేదా రిజిస్టరైన ఆర్థిక సంస్థ ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాలోకి రావాలి. వడ్డీ, రుసుములు అన్నీ కలిపిన వివర పత్రం ముందే ఇవ్వాలి. కాబట్టి పరీక్ష చాలా సులువు: కాంటాక్టులకు అనుమతి అడిగిన అప్పు యాప్ ఆ క్షణంలోనే తాను నిబంధనలు పాటించే సంస్థ కాదని చెప్పుకున్నట్టు. నియంత్రిత సంస్థలతో పనిచేసే యాప్‌ల జాబితా 2025 జూలై నుంచి రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఉంది. అందులో లేనివాటి మీద రిజర్వు బ్యాంకు వారి సచేత్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కార్యదర్శిని. గేటు దగ్గర యాప్ పెట్టాం. పనివాళ్ల ఫొటో, ఫోన్ నంబరు, ఆధార్, ఎన్నింటికి వచ్చారు, ఏ ఏ ఫ్లాట్లలో చేస్తున్నారు అన్నీ అందులో ఉంటాయి. నివాసులు వాళ్లకు మార్కులు కూడా వేస్తారు. రాయచూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఫొటో తీయనివ్వనంది. భద్రత కోసమే కదా అని మేమంటున్నాం. మాది తప్పా?
– ఒక కార్యదర్శి, వైట్‌ఫీల్డ్

జవాబు: భద్రత అవసరమే, కానీ మీరు రాసిన జాబితాలో భద్రతకు పనికివచ్చేవి రెండే: ఆమె ఎవరు, ఇప్పుడు లోపల ఉందా లేదా. ఏ ఫ్లాటులో ఎంత సేపు చేసింది, ఎవరు ఎన్ని మార్కులు వేశారు అన్నవి భద్రత కాదు, నిఘా. ఒక ఇంట్లో జీతం పెంచమని అడిగినందుకు తక్కువ మార్కులు పడితే ఆ మార్కులు మిగతా రెండు వందల ఇళ్లకూ కనిపిస్తాయి. ఆమె మాత్రం ఏ ఇంటికీ మార్కులు వేయలేదు, తన మీద ఏం రాశారో చూడనూ లేదు. ఆధార్ సంఖ్య గేటు యాప్‌లో ఉండవలసిన పని అసలే లేదు. ప్రైవేటు సంస్థలు ఆధార్ ధ్రువీకరణ కోరడానికి వీలిచ్చిన, ఆధార్ చట్టంలోని 57వ సెక్షను భాగాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులోనే కొట్టివేసింది.

2023లో వచ్చిన, ఇంకా పూర్తిగా అమలు కాని డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి అనేది స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి, ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో ముందు చెప్పాలి, ఆ నోటీసును ఆమె కోరితే ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా, అంటే కన్నడంలోనో తెలుగులోనో, ఇవ్వగలగాలి. "ఒప్పుకోకపోతే రేపటి నుంచి గేటు లోపలికి రావద్దు" అన్నప్పుడు వచ్చే అంగీకారాన్ని స్వేచ్ఛగా ఇచ్చినదని అనడం కష్టం. మీ తదుపరి సమావేశంలో మార్కుల పద్ధతి తీసేయండి, ఆధార్ తొలగించమని యాప్ కంపెనీకి రాయండి, పని మానేసినవారి వివరాలు ఎన్నాళ్లకు చెరిపేస్తారో రాతపూర్వకంగా అడగండి. ఆ రాయచూరు ఆవిడకు సంతకం చేసిన చిన్న కాగితపు పాసు ఇస్తే సరిపోతుంది. యాప్ రాకముందు గేట్లు దాంతోనే నడిచాయి.

ప్రశ్న: సర్వే అంటూ ఇంటికి వచ్చి కులం, ఆదాయం, ఆధార్ అడుగుతున్నారు. చెప్పకపోతే రేషను పోతుందా? వచ్చినవాళ్లు అసలువాళ్లో కాదో ఎలా తెలుస్తుంది?
– ఒక గృహిణి, బనశంకరి

జవాబు: ఏ సర్వే అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. 2025 సెప్టెంబరులో కర్ణాటక వెనుకబడిన తరగతుల కమిషను మొదలుపెట్టిన సామాజిక, విద్యా సర్వే విషయంలో హైకోర్టు అదే నెలలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో, పాల్గొనడం ప్రజల ఇష్టమనీ, సేకరించిన వివరాలను గోప్యంగా ఉంచాలనీ స్పష్టం చేసింది. జనగణన అలా కాదు. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం ప్రశ్నలకు జవాబు చెప్పడం తప్పనిసరి, అయితే ఆ జవాబులు కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరానంత రహస్యం. 2027 జనగణన ఫోన్లు, యాప్‌లతో జరిగేది కాబట్టి వచ్చినవారి నియామక పత్రాన్ని, గుర్తింపు కార్డును నిదానంగా చదివి చూడండి. కార్డు ఉండడమే చాలదని ఈ ఊరికి ఇప్పటికే అనుభవం. 2022 నవంబరులో, ఓటరు అవగాహన కోసమని నగరపాలక సంస్థ అనుమతి పొందిన ఒక సంస్థ మనుషులు బూత్ స్థాయి అధికారులమని కార్డులు చూపించి ఇంటింటి వివరాలు సేకరించారన్న ఆరోపణ బయటపడి, అరెస్టులూ సస్పెన్షన్లూ జరిగాయి. ఎవరు వచ్చినా సరే, ఓటీపీ మాత్రం చెప్పవద్దు. అనుమానం ఉంటే వార్డు కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కునేదాకా గుమ్మం బయటే ఉంచడం అమర్యాద కాదు.

ప్రశ్న: వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే చట్టం 2023లో వచ్చిందన్నారు. ఇప్పటికీ నా వివరాలు అమ్ముకుంటూనే ఉన్నారు. ఆ చట్టం ఉన్నట్టా, లేనట్టా? ఎవరి మీద, ఎక్కడ ఫిర్యాదు చేయాలి?
– ఒక విశ్రాంత ఉద్యోగి, మల్లేశ్వరం

జవాబు: సగం ఉన్నట్టు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆధార్‌ను సవాలు చేస్తూ 2012లో ఆ వ్యాజ్యం వేసినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. అప్పటికే ఎనభై అయిదు దాటినవారు, మీ ఊరివారే, 2024లో కన్నుమూశారు. తీర్పు వచ్చిన ఆరేళ్లకు చట్టం, చట్టం వచ్చిన రెండేళ్లకు, అంటే 2025 నవంబరులో, నిబంధనలు వచ్చాయి. కంపెనీలు పాటించవలసిన ముఖ్య బాధ్యతలకు మరో 18 నెలల గడువు ఇచ్చారు కనుక అవి 2027 మేలో గానీ అమలులోకి రావు. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం పేరిట ప్రభుత్వం జవాబు నిరాకరించడాన్ని సులభం చేసే సవరణ మాత్రం ఏ గడువూ లేకుండా వెంటనే అమలులోకి వచ్చింది. ఏది తొందరగా కావాలో ఏది నిదానంగా కావాలో ప్రభుత్వానికి తెలుసు.

పూర్తిగా అమలయ్యాక మీరు ముందుగా ఆ కంపెనీకే ఫిర్యాదు చేయాలి. 90 రోజుల్లోగా అది పరిష్కరించాలి. లేకపోతే డేటా పరిరక్షణ బోర్డుకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. అయితే ఆ సొమ్ము కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి పోతుంది, నష్టపోయినవారికి కాదు. పైగా అబద్ధపు ఫిర్యాదు అనో పసలేని ఫిర్యాదు అనో తేల్చితే ఫిర్యాదీకే 10,000 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ప్రభుత్వం తాను కోరిన తన సంస్థలను చట్టం నుంచి మినహాయించుకునే వీలు కూడా పెట్టుకుంది. చట్టం లేనిదాని కంటే ఇది మేలే. కానీ మీ వివరాలు పోగొట్టిన కంపెనీ మీకు క్షమాపణ తప్ప ఏమీ బాకీ పడని చట్టం ఇది.

ఈ లోపు పాత దారి ఒకటి తెరిచే ఉంది. సమాచార సాంకేతిక చట్టం 43ఎ సెక్షను కింద, సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని కాపాడడంలో నిర్లక్ష్యం చేసిన సంస్థ నుంచి నష్టపరిహారం కోరవచ్చు. అయిదు కోట్ల రూపాయల లోపు క్లెయిములను రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి విచారిస్తారు. కొత్త చట్టం పూర్తిగా అమలులోకి వచ్చిన రోజున ఈ సెక్షను రద్దవుతుంది. కాబట్టి నష్టం నిజంగా జరిగి, కాగితాలు చేతిలో ఉన్నవారు న్యాయవాదిని ఇప్పుడే కలవడం మంచిది. ఒప్పందం ప్రకారం తన చేతికి వచ్చిన వివరాలను లాభానికి బయటపెట్టిన ఉద్యోగి మీద 72ఎ సెక్షను కింద క్రిమినల్ కేసు పెట్టవచ్చు. వివరాలు అమ్ముకునేవారి విషయంలో మీకు పనికివచ్చేది అదే.

ప్రశ్న: బిల్లు వేయడానికి కూడా దుకాణాల్లో ఫోన్ నంబరు అడుగుతున్నారు. ఇచ్చినప్పటి నుంచి ప్రకటనల ఫోన్లు ఆగడం లేదు.
– ఒక పాఠకుడు, జయనగర

జవాబు: నంబరు ఇస్తేనే బిల్లు ఇస్తామనడం అన్యాయపు వ్యాపార పద్ధతి అవుతుందని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చిల్లర వర్తకులకు చెప్పింది. "నంబరు లేదు, బిల్లు ఇవ్వండి" అనండి. యంత్రం ఒప్పుకోదని కౌంటరులోని అమ్మాయి అంటే ఆమెతో వాదించక మేనేజరును పిలిపించండి. ఆ నిబంధన పెట్టింది ఆమె కాదు. ఫోన్ల విషయానికి వస్తే, 1909కు సందేశం పంపి ప్రకటనలు వద్దని నమోదు చేసుకోండి. చట్టబద్ధమైన ప్రకటనల కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి. మామూలు పది అంకెల నంబరు నుంచి ప్రకటన వస్తే ఏడు రోజుల్లోగా 1909కు గానీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీ యాప్‌లో గానీ ఫిర్యాదు చేయండి. నంబరు, తేదీ, ఏం అమ్మజూపారో ఒక వాక్యంలో రాస్తే చాలు.